మూల తప్పిన ఎకరం

నేను లెక్కల టీచర్‌ని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. సొంతూరు నల్లగొండ వైపు. రాష్ట్రం వచ్చాక జరిగిన బదిలీల్లో పాలమూరు వైపు వచ్చి పడ్డాను. మా ఆయన ఉద్యోగం నల్లగొండలోనే ఉండిపోయింది. మహబూబ్‌నగర్‌లో నాకొక కిరాయి ఇల్లు, కోస్గి దాటాక ఒక ఊళ్లో బడి. పొద్దున ఒక బస్సు, అక్కడి నుంచి ఆటో. సాయంత్రం మళ్లీ ఆటో, మళ్లీ బస్సు. వారం విడిచి వారం నల్లగొండ. మోకాళ్లు అరిగిపోయాయని దవాఖానలో చెప్పినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

కరోనాకు బడులు మూసినప్పుడు పిల్లల సందేహాల కోసం నా ఫోన్ నంబరు ఇచ్చాను. బడులు తెరిచారు కానీ నంబరు తిరిగి నా చేతికి రాలేదు. పిల్లల నుంచి తల్లులకు, తల్లుల నుంచి చుట్టాలకు, చుట్టాల నుంచి నేనెన్నడూ చూడని ఊళ్లకు వెళ్లిపోయింది. అచ్చంపేట నుంచి ఒకాయన ఫోన్ చేసి, తన నీళ్ల తొట్టిలో ఎన్ని బిందెలు పడతాయో చెప్పమన్నాడు. బట్టలు కుట్టే ఒకామె, నడుము ఇరవై ఎనిమిది అంగుళాలైతే గుండ్రటి గౌనుకు నడుమ ఎంత కత్తిరించాలని అడిగింది. గుండ్రం మధ్య నుంచి అంచుకు నాలుగున్నర అంగుళాలు పెట్టుకోమన్నాను. ఆమె మర్నాడు ఆ గౌను ఫొటో పంపింది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు 'ముగ్గురు మనుషులు, ఆరు రోజులు, ఒక గోడ' లెక్కలు పంపేవాళ్లు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకైతదని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు నేను పావుగంట మాట్లాడాను. మాట్లాడాక నాకు ఆకలి కూడా వేయలేదు. మొదట్లో అలా ఉండేది.

తర్వాత నా జవాబులు చిన్నవవుతూ వచ్చాయి. సూత్రం చెప్పేసి పెట్టేసేదాన్ని. ఇంకా తర్వాత సూత్రం కూడా లేదు, జవాబు మాత్రమే. అడిగినవాళ్లకూ అదే కావాలనిపించేది. ఎందుకని అడిగేవాళ్లు తగ్గారు, లేదా నేనే వాళ్లకు ఆ సందు ఇవ్వకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. ఏది నిజమో ఇప్పుడు కూడా గట్టిగా చెప్పలేను.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఉంది. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను మేడం అంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఏడో తరగతిలో బడి మానేసింది కానీ లెక్కలంటే ఆమెకు ఒక రకమైన పట్టుదల. నూట నలభై మంది పిల్లలకు బియ్యం ఎన్ని కిలోలో, నూట ఇరవై ఆరు మందే వస్తే ఎంత తగ్గించాలో కాగితం లేకుండా చెప్పేది. చెప్పి, "కరెక్టేనా మేడం?" అని నా మొహం చూసేది. కరెక్టే అంటే సంతోషపడి ఊరుకోదు. "నేను గిట్ల జేసిన, మీరెట్ల జేస్తరు?" అని అడిగేది. చేతిలో గరిటెతో నిలబడి నా పద్ధతి విని, తన పద్ధతే సులువని తేల్చుకొని పోయేది. చాలాసార్లు అది నిజమే.

ఆమె మామగారు ఒకప్పుడు సెంటు భూమి లేని కూలి. ఎప్పుడో సర్కారు ఆయనకు వాగు పక్కన, కాగితాల మీద రెండెకరాల చెల్క, వాన మీద పండే మెట్టభూమి, ఇచ్చింది. ఆయనకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడు ఈమె భర్త. పెద్దాయన మేస్త్రీ, బొంబాయిలో, హైదరాబాదులో పని చేసి వయసు మీద పడ్డాక ఊరికి వచ్చాడు. ముసలాయన పోయిన తర్వాత చెల్క పంచుకుందామనుకున్నారు. ఒక సగం ఈమె బావకు, ఒక సగం ఈమెకు.

ఆ ఏడు ఎండాకాలం, నేను పదో తరగతి పేపర్లు దిద్ది బస్సులో తిరిగి వస్తున్నాను. రోజంతా ఎర్ర పెన్ను పట్టుకుని వేళ్లు కొంకర్లు పోయాయి. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. అప్పుడు ఆమె ఫోన్ చేసింది.

"మేడం, జర ఒక్క లెక్క చెప్పుండ్రి. పెద్దమనుషులు చెల్క కాడ కూసున్నరు."

"చెప్పక్కా."

"మా బావ దిక్కు చెక్క పొడుగు ఎనబై ఎనిమిది గజాలు, ఎడల్పు యాబై అయిదు. ఎంతైతది?"

ఎనభై ఎనిమిదిని యాభై అయిదుతో గుణిస్తే నాలుగు వేల ఎనిమిది వందల నలభై. గజాల్లో సరిగ్గా ఎకరం. లెక్క అంత శుభ్రంగా తేలడంతో నాకు ముచ్చటేసింది కూడా.

"ఎకరం. నలభై గుంటలు, సరిగ్గా."

"నా దిక్కు చెక్క గూడ గంతే. రెండు అంచులు ఎనబై ఎనిమిది, రెండు అంచులు యాబై అయిదు. కానీ మేడం, వాగు ఎంబడి పోయింది గద, నాది జర ఏటవాలుగున్నది. బావది సక్కగున్నది. నాది పక్కకు వంగినట్టున్నది. ఏం కాదా?"

ఆమె అడిగింది. ఆ మాట నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో లెక్క లేదు. తొమ్మిదో తరగతికి నేను ఏటేటా చెప్పే పాఠాన్నే ఆమె తన మాటల్లో నన్ను అడిగింది. నేనేమో కండక్టర్‌కు టికెట్ చూపిస్తూ అన్నాను:

"కొలతలు అవే కదక్కా. వంగితే ఏమైతది? అదీ ఎకరమే."

"ఎకరమేనట!" అని ఆమె అవతల ఎవరికో గట్టిగా చెప్పడం వినబడింది. నేను ఫోన్ సంచిలో పెట్టి కళ్లు మూసుకున్నాను. మహబూబ్‌నగర్ వచ్చేదాకా నిద్రపోయాను.

ఆ ఏడు వానలు సమయానికే వచ్చాయి. బడి తెరిచి మూడు వారాలైంది. ఒకరోజు పొద్దున నేను స్టాఫ్ రూములోకి అడుగుపెట్టేసరికి ఆమె గుమ్మం పక్కన నిలబడి ఉంది. చేతిలో పత్తి విత్తనాల ప్యాకెట్. నోరు మడత పెట్టి దారంతో కట్టింది.

"మేడం, నా లెక్క యాడ తప్పిందో జర చెప్పుండ్రి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఎకరానికి రెండు ప్యాకెట్లు. బావ రెండు తెచ్చుకున్నడు, నేను రెండు తెచ్చుకున్న. ఒక్కటే అచ్చు తోలినం, సాలుకు సాలుకు ఎడం ఒక్కటే. కూలోళ్లు గూడ వాళ్లే. పొద్దుగాల ఆయన దాంట్ల పెట్టిండ్రు, పగటీలి నా దాంట్ల పెట్టిండ్రు. ఆయనవి గింజ మిగలకుంట అయిపోయినయి. నావి గిన్ని మిగిలినయి." ప్యాకెట్ విప్పి చూపించింది. అడుగున గులాబీ రంగు పూసిన గింజలు, పావు ప్యాకెట్ ఉంటాయి. "నేనే యాడన్న సాళ్లు ఇడిసిపెట్టిన్నేమో అని రెండుసార్లు తిరిగొచ్చిన. యాడ ఇడువలేదు. అయినా మిగిలినయంటే నేనే ఏదో తప్పు జేసినట్టు గద? మొలకలు పలుచగైతే పంట పోతది. చెప్పుండ్రి మేడం, యాడ తప్పిన?"

పావు ప్యాకెట్ అంటే రెండు ప్యాకెట్లలో ఎనిమిదో వంతు. ఎకరంలో ఎనిమిదో వంతు అయిదు గుంటలు. ఈ లెక్క నేను చేయలేదు, దానంతట అదే నా తలలో జరిగిపోయింది. దాని వెనకే ఆమె ఎండాకాలంలో అన్న మాట వచ్చింది. పక్కకు వంగినట్టున్నది, ఏం కాదా?

ఆ క్షణంలో నాకొక ఆలోచన వచ్చిన మాట దాచను. ఆమే అంటోంది కదా, తప్పు తనదేనని. "దూరం దూరం పెట్టి ఉంటారక్కా" అంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది. గంట కొట్టారు. "సాయంత్రం చెప్తానక్కా" అని లేచాను.

ఆ రోజు తరగతిలో ఏం చెప్పానో గుర్తులేదు. మూడు పీరియడ్లు నడిచాయి. మధ్యాహ్నం ఆమె నా గిన్నెలో పప్పు వేస్తూ ఏమీ అడగలేదు. సాయంత్రం చెప్తానన్నాను కదా, సాయంత్రం దాకా ఆగింది.

పిల్లలు వెళ్లిపోయాక వంటగది దగ్గరికి వెళ్లాను. ఆమె గిన్నెలు బోర్లిస్తోంది. నాలుగు చీపురు పుల్లలు తీసుకుని, చివరలు దారంతో కట్టి, అరుగు మీద పెట్టాను. మొదట చదరంగా పెట్టాను. తర్వాత ఒక మూల పట్టుకుని పక్కకు నెట్టాను.

"చూడక్కా. పుల్లలు అవే. పొడుగు అంతే. మధ్యన జాగా చూడు."

ఆమె వంగి చూసింది. నేను ఇంకా నెట్టాను. ఇంకా నెడితే పుల్లలు ఒకదాని పక్కన ఒకటి చేరిపోయాయి. లోపల జాగానే లేదు.

"నాలుగు అంచులు తెలిస్తే చాలదు. ఎంత వంగిందో తెలవాలె. నువ్వు ఆ రోజు అడిగినవు. నేను సరిగ్గ వినలేదు. నీది ఎకరం లేదక్కా. తప్పు నాది."

ఆమె ఆ పుల్లలను వేలితో మళ్లీ చదరంగా లాగి, మళ్లీ పక్కకు నెట్టి చూసింది. తర్వాత ఆమె మొహంలో కనిపించింది కోపం కాదు.

"అంటే నేను మంచిగనే పెట్టిన్నా, విత్తులు?"

"మంచిగనే పెట్టినవు."

"సాళ్లు ఇడువలేదు."

"విడువలేదు."

ఆమె రెండు రోజులుగా మోస్తున్న బరువు ఏదో దిగినట్టు అరుగు మీద కూర్చుంది. ఆ తర్వాతే రెండోది తట్టింది. నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"మరి మీరు ఎకరం అంటిరి గద, మేడం. మీరన్నరనే హద్దురాళ్లు పాతిరి."

నేను దారం విప్పి, పుల్లలను మళ్లీ చీపురులో దోపాను.

ఆ వారం నేను నల్లగొండ పోవాల్సింది. ఈ ఆదివారం రానని మా ఆయనకు చెప్పాను. ఎందుకన్నాడు. ఒక లెక్క తప్పిందన్నాను. "ఎవరిది?" అన్నాడు. "నాదే" అంటే, నేను పరాచికాలాడుతున్నానని నవ్వాడు.

ఆదివారం బడిలోని పొడుగు టేపు తీసుకుని పోయాను. వాళ్లు క్రైస్తవులు. ఉదయం ప్రార్థన ముగిశాక చర్చి నుంచి నేరుగా ఆమె నాతో చెల్కకు వచ్చింది. కట్టుకున్న మంచి చీరను మోకాలిదాకా ఎత్తి చెక్కుకుంది. పత్తి మొలకలు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. టేపు ఒక కొస ఆమె ఒక మూలలో పట్టుకుంది. నేను రెండో కొసతో సాళ్లకు అడ్డంగా, మొలకలు తొక్కకుండా, ఎదురు మూలకు నడిచాను. టేపు చాలదు కాబట్టి పుల్ల గుచ్చి మళ్లీ అక్కడి నుంచి, మళ్లీ అక్కడి నుంచి. తడిమట్టి చెప్పులకు పట్టి ఒక్కో కాలు రెండు కాళ్లంత బరువైంది. చక్కటి మూలలున్న చెల్కైతే ఆ కొలత దాదాపు నూట నాలుగు గజాలు రావాలి. డెబ్బై ఎనిమిది వచ్చింది.

గట్టు మీద కూర్చుని లెక్క చేశాను. ఆ అడ్డగీత చెల్కను రెండు త్రిభుజాలుగా కోస్తుంది. మూడు అంచులు తెలిసిన త్రిభుజం వంగదు. దాని వైశాల్యం ఒక్కటే ఉంటుంది. రెండూ కలిపితే నాలుగు వేల రెండు వందల ముప్పై అయిదు గజాలు. ముప్పై అయిదు గుంటలు. ఆమె విత్తనాలు చెప్పిందీ అదే. పావు ప్యాకెట్ గింజలు నాకన్నా సరిగ్గా లెక్క కట్టాయి.

"అయిదు గుంటలు తక్కువ," అన్నాను. "ఇద్దరికి సమానం కావాలంటే, అందుల సగం, రెండున్నర గుంటలు ఇటు రావాలె. అంటే మధ్య హద్దు మీ బావ దిక్కు మూడున్నర గజాలకు జర తక్కువ జరగాలె."

"ఆయన జరుపడు," అంది ఆమె. కోపంగా కాదు, వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది.

ఆమె బావ ఇంటి ముందరే పెద్దమనుషులను కూర్చోబెట్టారు. ఇద్దరు సంఘ పెద్దలు, ఎండాకాలంలో రాళ్లు పాతించినవాళ్లే. ఆయన ఎత్తుగా, గుబురు కనుబొమలతో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వేళ్లు సిమెంటుకు కాలి పగుళ్లిచ్చి ఉన్నాయి. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు.

నేను జరిగింది చెప్పాను. తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. పెద్దల్లో ఒకాయన గడ్డం గోక్కున్నాడు.

"గదెట్ల మేడం? నాలుగు దిక్కులు కొలిస్తిమి. రెండిటికీ ఒక్కటే కొలతలు. మరి జాగా యాడికి పోయింది?"

వాళ్లు కూర్చున్నది నులక మంచం. కోళ్లు వదులయ్యాయి. వాళ్లను లేవమన్నాను. ఒక మూల పట్టుకుని నెట్టాను. మంచం కిర్రుమని పక్కకు వాలింది. ఇందాకటిదాకా బిగిసి ఉన్న నులక నడుమ వేలాడింది.

"పట్టెలు పొట్టివైనయా?"

"లేదు."

"నులక ఎందుకు వదులైంది?"

ముసలాయన మంచాన్ని చూశాడు, చెల్క ఉన్న దిక్కు చూశాడు. "అరెరె," అన్నాడు. "జాగా తగ్గింది."

అప్పుడు నేను మేస్త్రీ వైపు తిరిగాను. నిజం చెప్పాలంటే ఆయనను ఒప్పించడం కష్టమనుకోలేదు. ఇళ్లు కట్టే మనిషి.

"మేస్త్రీ, ముగ్గు పోసినప్పుడు గది మూల సక్కగున్నదా లేదా ఎట్ల చూస్తరు?"

"ఒక దిక్కు మూడడుగులు, ఒక దిక్కు నాలుగు. రెండిటి నడుమ అయిదు రావాలె."

"రాకుంటే?"

"మూల తప్పినట్టు."

"తప్పితే ఏమైతది?"

ఆయన పగిలిన బొటనవేలి గోరును చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన మరదలు నేల చూస్తోంది. చివరికి ఆయనే అన్నాడు.

"గది చిన్నగైతది."

"అంటే మీకు ఎరికేనా? ఆ రోజు కూడ ఎరికేనా?"

"ఎరికే, మేడం." తల ఎత్తి సూటిగా చూశాడు. "చూడంగనే తెలిసింది. కానీ గీమె మిమ్ములను అడిగింది. మీరు ఎకరం అన్నరు. సదువుకున్నోళ్లు, లెక్కలు చెప్పేటోళ్లు మీరే ఎకరం అన్నంక, కాదు తక్కువున్నదని నా నోటితోని నేనెందుకంట? నా చెల్క నేనే తగ్గించుకోవాల్నా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం లేదు కానీ అబద్ధమూ లేదు. ఆయన కళ్లకు కనబడ్డ నిజాన్ని నేను బస్సులో కూర్చుని, చూడకుండా, కొట్టిపారేశాను. నా మాట లేకపోతే ఆ రోజు ఆయన నోరు విప్పేవాడేమో. విప్పకపోయేవాడేమో కూడా. ఆ రెండింటి మధ్య ఏది జరిగేదో తేలే దారి లేకుండా చేసింది నా జవాబే.

"ఇయ్యాల ఒకటి అంటిరి, మొన్న ఒకటి అంటిరి," అన్నాడాయన. "రేపు ఇంకోటి అంటరు. పంట నడుమ హద్దు జరుపుతరా ఎవరన్నా? పంట తీసినంక జూద్దాం."

పెద్దలు కూడా అదే మంచిదన్నారు. చాయ్ చల్లబడిపోయింది. తాగి లేచాను. ఆటో దొరికేదాకా ఆమె నా పక్కన నడిచింది. ఆటో ఎక్కుతుంటే, "ఎండల తిరిగిండ్రు, తలకాయ నొస్తదేమో, మజ్జిగ తాగుండ్రి" అంది.

ఆ తర్వాత ఏడు నెలలు ఆమె నన్ను ఒక్క లెక్క కూడా అడగలేదు. మాట్లాడేది. అన్నం పెట్టేది. కూర బాగుందా అని అడిగేది. బియ్యం లెక్క మాత్రం తనే చేసుకుని, తనే కొలుచుకుని, నా మొహం చూడకుండా పొయ్యి మీద వేసేది. నేను ఒకసారి, "ఇయ్యాల ఎన్ని కిలోలక్కా?" అని అడిగాను. చెప్పింది. సరిగ్గానే ఉంది. "కరెక్టేనా?" అని అడగలేదు.

నా ఫోన్ మాత్రం ఆగలేదు. కానీ ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ నాకు భయం. తొట్టి అంటే, అడుగు పైకంటే సన్నగా ఉందా అని అడుగుతాను. వడ్డీ అంటే, నెలకా ఏడాదికా అని అడుగుతాను. ఒక పరీక్ష పిల్లవాడైతే విసుక్కుని, "మేడం, ఆప్షన్ ఏదో చెప్పండి చాలు" అన్నాడు. కోస్గి ఆటో స్టాండులో నా వెనకాల ఎవరో అనుకుంటుంటే విన్నాను, ఈ మేడం ఒక్క లెక్కకు పది ప్రశ్నలడుగుతదని. అడిగేవాళ్లు తగ్గారు. పని తగ్గితే అలుపు తగ్గాలి కదా. తగ్గలేదు. తెలిసినదాన్ని చెప్పడం కన్నా, నాకు తెలియనిది ఏం మిగిలిందో వెతుక్కోవడం ఎక్కువ కష్టంగా ఉంది. ఈ వయసులో కొత్తగా నేర్చుకున్న పని ఇది.

తరగతిలో కూడా చెప్పాను. ఆ పాఠం వచ్చిన రోజున, ఎవరి చెల్కో చెప్పకుండా, ఒక టీచర్ ఇలా తప్పు చెప్పిందని చెప్పాను. వెనక బెంచీ పిల్ల ఒకతి చెయ్యెత్తి, "ఆ టీచర్‌కు ఎన్ని మార్కులు తీసేస్తరు మేడం?" అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న నన్ను చాలాసేపు వదల్లేదు.

పత్తి ఏరడం అయిపోయి, కట్టెలు పీకేసి, చెల్క ఖాళీగా పడి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాయి జరిపిండు."

"ఎవరు? మీ బావనా?"

"నిన్న పొద్దుగాల పిలిచిండు. నేను పొయ్యేసరికి ఆయనే పార పట్టుకోని ఒక రాయి పెకిలించిండు. మాట లేదు, ముచ్చట లేదు. రెండో రాయికి నన్ను తాడు పట్టుకోమన్నడు. తాడు కట్టి, మూలమట్టం పట్టి, మేస్త్రీ పని లెక్కనే జేసిండు." ఆమె మూడు వేళ్లు చూపించింది. "మూడు గజాలు జరిపిండు."

"మూడున్నర కావాలె గద. జర తక్కువ మూడున్నర."

"నేనూ గదే అన్న. 'బావా, మేడం మూడున్నర అన్నది' అన్న. 'అర గజం గట్టుకు పోయింది' అన్నడు."

"మరి నువ్వేమన్నవు?"

"ఏమంట? గట్టు ఇద్దరిదీ. ఇద్దరం నడుస్తం." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఎందుకు జరిపిండో మాత్రం చెప్పలే. నేను అడగలే. పోయేటప్పుడు, వచ్చే ఏడు నీకు ఎన్ని ప్యాకెట్లు పడతయో మేడంను అడుగు అన్నడు."

నేను కాగితం తీసుకున్నాను. మూడు గజాలను ఎనభై ఎనిమిదితో గుణించి, నూట ఇరవై ఒకటితో భాగించి, రెండు గుంటలకు కొంచెం పైన వచ్చిందని, ముప్పై ఏడు దాటుతుందని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"జవాబు వద్దు మేడం. ఎట్ల జేస్తరో చెప్పుండ్రి. ఆ రోజు గట్టు మీద మూడు అంచులతోని ఏదో జేస్తిరి గద, గది మొత్తం నేర్పుండ్రి. ఇంక ఎవ్వరినీ ఫోన్ల అడగ."

అప్పటి నుంచి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు నేర్పుతున్నాను. మూడు అంచులు కూడి సగం చేయడం ఆమెకు ఒక్క రోజులో వచ్చింది. ఆ సగంలోంచి ఒక్కో అంచు తీసేయడం రెండో రోజు వచ్చింది. నాలుగు సంఖ్యల గుణకారం దగ్గర వారమంతా పట్టింది. అందులో రెండు రోజులు ఆమెకు జ్వరం, ఒక రోజు నాకు మోకాలు. వర్గమూలం దగ్గర ఆగిపోయాం. ఆమెకు నా పద్ధతి నచ్చలేదు. అంకెలు జతలు జతలుగా విడదీయడం ఎందుకని అడుగుతుంది. నేను చెప్పిన కారణం ఆమెకు పట్టలేదు. ఇంకో రకంగా చెప్పడం నాకింకా చేతకాలేదు. ప్రస్తుతానికి ఆమె అందాజగా ఒక సంఖ్య అనుకుని, దాన్ని దానితోనే గుణించి, ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచి దగ్గరికి వస్తోంది. నిన్న ఒక గజం తేడాతో వచ్చింది. ఇంకా దగ్గరికి పోదామా అంటే, రేపటికి పప్పు నానబెట్టాలని లేచింది.